ఎండలో పెట్టిన పొట్లం

"కుప్ప ఇంకా పచ్చబడలేదమ్మా."

మెట్ల పక్కన కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే మా మామ ఈ మాట అన్నారు. వంటింట్లో నేను పిల్లలకు దోసెలు పోస్తున్నాను. తిప్పడానికి అట్లకాడ ఎత్తాను, ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దోసె అంచు మాడి వాసన వచ్చేదాకా నేను కదల్లేదు. ఆ సాయంత్రం దాకా నాకు ఏ అనుమానమూ లేదని చెప్పలేను. కానీ భయం మొదలైంది మాత్రం అప్పుడే.

"పది దినాలాయె. నీళ్లు చల్లతానే ఉండా. గోనెపట్ట కప్పే ఉండాది. యాడా ఒక్క చుక్క పచ్చ లేదు. తెల్లగన్నా రావల్ల గదా?"

"కొన్ని కుప్పల్లో పైకి కనబడదు మామా. లోపల దాని పని అది చేస్తానే ఉంటుంది."

"అట్నా?"

"ఆ."

"సరి. చదివినదానివి, నీకు తెలీనిదా." ఆయన తువ్వాలుతో కాళ్లు తుడుచుకుని లోపలికి వచ్చి, చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. నేను మాడిన దోసెను నా పళ్లెంలో వేసుకున్నాను.

కుప్ప అంటే ఎరువు కుప్ప. బాగా మాగిన పశువుల ఎరువులో మేలు చేసే బూజు పొడి కలిపి, నీడన పోసి, తడి గోనె కప్పి ఉంచుతారు. వారం పది రోజుల్లో ఆ బూజు ఎరువంతా అల్లుకుని ముందు తెల్లగా, తర్వాత పచ్చగా తేలుతుంది. అప్పుడు దాన్ని టమాటా సాళ్లలో వేస్తారు. పచ్చబడలేదంటే పొడిలో ప్రాణం లేదని అర్థం. ఆ సంగతి మామకు నేను చెప్పలేదు. నాకు తెలుసు.

మేము అరవం మాట్లాడే టౌనులో, లాస్‌పేటలో ఉంటాం. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోతారు. మామ మాతోనే ఉంటారు, కానీ ఆయన పగళ్లన్నీ పొలానివే. ఊరికి పడమరగా, టౌన్ బస్సులో ముప్పావుగంట దూరాన ఎకరంన్నర భూమి ఉంది. తెల్లవారే మొదటి బస్సుకు టిఫిన్ క్యారియర్ పట్టుకుని పోతారు, పొద్దుగూకాక వస్తారు. మోకాళ్ల నొప్పి వల్ల ఇంట్లో మిద్దె మాత్రం ఎక్కరు. మిద్దె మీద బట్టలు, నీళ్ల ట్యాంకు, మోటారు సామాన్లు పెట్టుకునే రేకుల కొట్టు, అన్నీ నా అధీనంలోనివే.

మూడు పంటలుగా ఆయన టమాటా తోట ముడత తెగులుకు పోతూ వచ్చింది. చిగురు ఆకులు పసుపు అంచుతో పైకి ముడుచుకుపోతాయి, మొక్క గిడసబారిపోతుంది, పూత రాలుతుంది. అది వైరస్. దానికి మందు లేదు. తెల్లదోమ ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలి దాన్ని మోస్తుంది కాబట్టి, దోమ మీద మందు కొట్టాలి. మామ కొట్టారు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, వీపున డబ్బా వేసుకుని, వారానికి ఒకసారి, తర్వాత నాలుగు రోజులకు ఒకసారి కొట్టారు. ఇంటికొచ్చాక కళ్లు ఎర్రగా, అన్నం ముట్టలేక గంటసేపు గోడకానుకుని కూర్చునేవారు. దోమ మాత్రం ఆ మందుకు అలవాటు పడిపోయింది.

ఆయనకు తోట పోవడం కంటే పెద్ద బాధ ఒకటి ఉంది. అది ఆ చుట్టుపక్కల వాళ్లకే అర్థమవుతుంది. మామ చెయ్యికి రాశి ఉందని అక్కడి నమ్మకం. కైరాశి అంటారు, హస్తవాసికి అరవం మాట, మా ఇళ్లలో అందరమూ అలాగే అంటాం. ఎవరు ఏ విత్తు వేసినా మొదటి నాలుగు గింజలు ఈయన చేత వేయించుకుంటారు. చేటలో గింజలు పోసుకుని, పసుపు ముద్ద పెట్టుకుని, పొద్దున్నే గట్టు మీదకు వచ్చి నిలబడతారు. ఆయన చెయ్యి కడుక్కుని, తూర్పు తిరిగి, నాలుగు గింజలు వేసి వస్తారు. అందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోరు, కాఫీ కూడా తాగరు. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకే పొద్దు ముగ్గురు రావడం చూశాను. మూడు పంటలు పోయాక ఒక్కరే వస్తున్నారు, పక్క పొలం రైతు. మిగిలినవాళ్లు ఏమీ అనలేదు. రావడం మానేశారు, అంతే.

కాలేజీలో నాతోపాటు బాటనీ చదివిన స్నేహితురాలు ఒకతె మొక్కల తెగుళ్ల ప్రయోగశాలలో పని చేస్తుంది. ఎండాకాలం మొదట్లో నెల్లితోపు మార్కెట్‌లో కూరగాయలు ఏరుతూ కనబడింది. మామ సంగతి చెప్పాను. వారం తిరక్కుండా రెండు పొట్లాలు తెచ్చి ఇచ్చింది. ఒకటి ట్రైకోడెర్మా, ఆకుపచ్చ బూజు, విత్తనానికీ మట్టికీ. రెండోది బవేరియా, తెల్లటి బూజు, బెల్లం నీళ్లలో కలిపి సాయంత్రం పూట ఆకుల కింద కొట్టడానికి. అది తెల్లదోమ ఒంటి మీద మొలిచి దాన్ని చంపుతుంది.

"ఇవి వైరస్‌ని చంపవు, అది గుర్తుపెట్టుకో మే," అంది. "ఒకటి వేరుకి బలమిస్తాది, చెట్టు తట్టుకుంటాది. ఇంకోటి మోసుకొచ్చే దోమని తగ్గిస్తాది. అంతే. మీ మామకి మాయ మంత్రం అని చెప్పేవు."

"చెప్పన్లే."

"ఇంకో సంగతి. ఇది ప్రాణముండే సరుకు. పెరుగు తోడుని ఎట్లా కాపాడతావో అట్లా కాపాడల్ల. ఫ్రిజ్‌లో పెట్టు. ఎండ తగిలిందా, ఉత్త పిండి."

మామను ఒప్పించడానికి నాకు నెల పట్టింది. ఆయన ముందు నవ్వారు. "మీ అత్త బతికుండినప్పుడు ఊరగాయికి బూజు పట్టిందంటే నా మీదికి లేస్తా ఉండె. ఇప్పుడు నువ్వు బూజుని ఫ్రిజ్‌లో పెట్టి సాకతా ఉండావు." పిల్లలు పగలబడి నవ్వారు. తర్వాత ఒకరోజు మందు కొట్టి వచ్చి గోడకానుకుని కూర్చున్నప్పుడు, ఆయనే అడిగారు. "ఆ బూజు కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటే సాలునా? కండ్లు మండవా?" మండవన్నాను. "అయితే చూస్తాం."

ఈసారి నారు మా మిద్దె మీదే పోశాం. దోమ దూరని వల కింద ట్రేలలో కొబ్బరి పొట్టు నింపాను. విత్తనాలకు పచ్చ పొడి పట్టించి, ట్రేలు కిందికి తెస్తే, మామ మెట్ల మీద కూర్చుని ప్రతి ట్రేలో మొదటి గింజ ఆయనే వేశారు. పిల్లలిద్దరూ చెరొక వైపు కూర్చుని చూశారు. నారు బ్రహ్మాండంగా వచ్చింది. రోజూ పొద్దున నేను వల ఎత్తి చూసి, కిందికి దిగి, ఎంత పొడుగయిందో వేలితో చూపించేదాన్ని. అంత సంతోషం ఆ ఇంట్లో ఈ మధ్య ఎప్పుడూ లేదు.

తర్వాత పెద్దదానికి ఊపిరి పట్టేసింది.

దానికి ఏడేళ్లు. కత్తిరి ఎండలు, నడివేసవి మంటలు, మొదలైన వారం. ఒక తెల్లవారుజామున దాని రొమ్ములోంచి సన్నని ఈల వినబడింది. గిన్నె మూత కింద ఆవిరి కదిలినట్టు. ఆసుపత్రిలో వరసలో కూర్చున్నాం. అది నా భుజం మీద తల వాల్చి పైకీ కిందికీ ఊగుతోంది, ఊపిరి తీసుకోవడమే పెద్ద పని అయినట్టు. నేను రెండో చేత్తో ఫోన్‌లో చదువుతున్నాను. ఊపిరి, పిల్లలు, కారణాలు. దుమ్ము అని ఉంది, పొగ అని ఉంది, బూజు అని ఉంది. బూజు గింజలు గాలిలో తేలి ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఉంది. ఏ బూజో అక్కడ రాయలేదు. నేను చదివిన చదువుకు ఆ ప్రశ్న రావాలి. రాలేదు.

మందు పట్టించుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చాం. పిల్లకు నీళ్లిద్దామని ఫ్రిజ్ తెరిచాను. పెరుగు గిన్నె, దాని దగ్గు మందు సీసా, వాటిని ఆనుకుని ఆ రెండు పొట్లాలు. పైనున్న దాని మూల కొంచెం చినిగి, పచ్చటి పొడి ఫ్రిజ్ గాజు పలక మీద గీతలా రాలి ఉంది. ఆ గీతను తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాను, గుడ్డను పారేశాను. పొట్లాలను కవరులో చుట్టి మిద్దె మీదికి తీసుకుపోయి, రేకుల కొట్టులో పెయింటు డబ్బాల వెనక పెట్టి తలుపేశాను.

స్నేహితురాలికి ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. ఏమీ కాదని ఆమె అంటుందని నాకు తెలుసు. ఏమీ కాదన్న మాట నమ్మే స్థితిలో నేను లేను. అందుకే చెయ్యలేదు.

ఆ కొట్టులో మధ్యాహ్నం పూట నిలబడలేం. రేకు నుంచి వేడి నెత్తిమీదికి దిగుతుంది. రెండు వారాలు పొట్లాలు అందులోనే ఉన్నాయి. రోజూ బట్టలు ఆరేయడానికి వెళ్లి ఆ తలుపు చూసేదాన్ని. పిల్ల తేరుకుంటోంది, రాత్రిళ్లు నిద్రపోతోంది, అది చాలు అనుకునేదాన్ని. వాటిని ఇంకెక్కడైనా పెట్టొచ్చు కదా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లోనే పెట్టొచ్చు కదా అన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదంటే ఇప్పుడు నాకే ఆశ్చర్యంగా ఉంది.

ఒక శనివారం మామ అన్నారు. "రేపు ఎరువులో కలిపేస్తామా? రెండు పొట్లాలూ ఎత్తుకుపోతాను, దోమది గూడా ఆడనే పొలం మోటారు కొట్టులో నీళ్లకుండ పక్కన పెట్టుకుంటా."

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక పైకి పోయి తెచ్చాను. అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలుసు. వేడి పొట్లం ఇస్తే ఆయన అడుగుతారు. చల్లటి పొట్లం ఇస్తే అడగరు.

పొద్దున మామ వాటిని అరచేతిలో పెట్టుకుని బరువు చూసినట్టు చూశారు. "సల్లగా ఉండాది. బాగా కాపాడినావమ్మా," అన్నారు. నేను క్యారియర్ మూత బిగిస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఆ ఎరువు కుప్పే పచ్చబడలేదు.

పచ్చబడని ఎరువును సాళ్లలో వేశారు, నారు నాటారు. వాన రాలేదు. తోటకు ఉత్తరాన పక్క రైతు వంగతోట ఉంది, దాని నిండా తెల్లదోమ. మామ మాత్రం చెప్పింది చెప్పినట్టు చేశారు. ఎండ పోయేదాకా కాచుకుని, బెల్లం నీళ్లలో తెల్ల పొడి నానబెట్టి, వంగి వంగి ఆకుల అడుగున కొట్టారు. దానివల్ల ఎప్పుడూ ఎక్కే బస్సు తప్పిపోయి ఆలస్యంగా వచ్చేవారు. పిల్లల భూతద్దం అడిగి తీసుకుపోయారు. బూజు మొలిచిన దోమ ఒక్కటైనా కనబడుతుందేమోనని రోజూ ఆకులు తిప్పి చూసేవారట.

"ఈ పొద్దు కనబడిందా తాతా?" అని చిన్నది అడిగేది.

"లేదు తల్లీ. ఇంకా సిగ్గుపడతా ఉండాది."

నారులో మిగిలిన రెండు మొక్కలను పెయింటు బకెట్లలో నాటి పిల్లలకు ఇచ్చాను. మిద్దె మీద, ట్యాంకు నీడన, ఒక్కొక్కరికి ఒకటి. బడికి పోయేముందు పైకి పరిగెత్తి చెంబుడు నీళ్లు పోసేవాళ్లు. నాటి మూడు వారాలై ఉంటుంది. నేను కింద జడలేస్తుంటే చిన్నది పైనుంచి అరిచింది.

"అమ్మా! నా చెట్టు ఆకులన్నీ స్పూన్ మాదిరి అయిపోయినాయి!"

జడ సగంలో వదిలేసి వెళ్లి చూశాను. పసుపు అంచు, పైకి ముడిచిన ఆకు. చేత్తో కదిలిస్తే తెల్లగా పిండి లేచినట్టు దోమలు లేచి మళ్లీ అక్కడే వాలాయి. లాస్‌పేటలో నా మిద్దె మీదికే వచ్చిందంటే పొలంలో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోగలను. ఆ సాయంత్రం మామ వచ్చి కాళ్లు కడుక్కున్నారు. భూతద్దం తీసి పిల్లల పుస్తకాల సంచిలో పెట్టేశారు.

మర్నాడు స్నేహితురాలికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"రేకు కిందనా? ఎన్ని దినాలు?"

"రెండు వారాలు."

"అయితే చచ్చిపోయుంటాది మే. రెండూ."

"బతికుండుంటే తోట నిలిచేదా?"

"అది నేనెట్లా చెప్పేది? ఈ ఎండకి, పక్కన వంగ పెట్టుకోని... సగం నిలిచుండునేమో. ఏమీ నిలవకపోనూ వచ్చు. అయితే ఒకటి. నువ్వు నన్ను అడిగుండల్ల. ఎందుకు అడగలా?"

"భయమేసింది."

"పిల్లకి భయపడితివి, సరి. ఆ ముసలాయనకి చెప్పేదానికేం?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు, కానీ స్నేహితురాలికి చెప్పలేదు. చదువుకున్నదానినని నా మాట ఆయన విన్నారు. నలభై ఏళ్లు పట్టిన మందు డబ్బా దించేశారు. తప్పు నాదని చెప్తే, ఆ ఇంట్లో నా మాటకు ఉన్న ఒకే ఒక్క విలువ పోతుందనిపించింది. చెప్పకపోతే ఏం పోతుందో అప్పటికి నాకు కనబడలేదు. అది ఆదివారం కనబడింది.

ఆదివారం మా ఆయనకు సెలవు. పిల్లలను ఆయన దగ్గర వదిలి నేను మామతో పొలానికి పోయాను. తెగులు పట్టిన మొక్కలను పీకి పూడ్చెయ్యాలి. ఉంచితే దోమ ఆ తెగులును ఇంకోచోటికి మోస్తుంది. ఇద్దరం చెరొక సాలు పట్టుకుని పీకాం. మొక్కలు మోకాలెత్తు కూడా లేవు. వేర్లు పొట్టిగా, గోధుమరంగులో, మట్టి అంటకుండా ఊడి వచ్చాయి. ఒకటి రెండు చోట్ల కాయ కూడా ఉంది, గోళీ అంత. పదిన్నరకల్లా గోనెసంచులు నిండాయి.

పక్క రైతు గట్టు మీద నిలబడి పిలిచాడు. "ఏం పాపా, నీ బూజు ఎంతకాడికొచ్చె? మా ఆడోళ్లు అడగతా ఉండారు, ఇంట్లో రొట్టెకి పట్టిండేది పనికొస్తాదా అని."

నేను నవ్వలేకపోయాను. మామే నవ్వారు. "రొట్టెదైతే నీకే పనికొస్తాది, తిను."

అతని చేతిలో చేట ఉంది. చేటలో బెండ గింజలు, ఒక అంచున పసుపు ముద్ద. ఎగతాళి చేస్తూనే గింజలు తెచ్చాడు.

"వంగ దున్నేసి బెండ పెట్టేస్తాండా అన్నా. నాలుగు గింజలు నువ్వేసి పో."

మామ లేచారు. అలవాటు కొద్దీ చెయ్యి లుంగీకి తుడుచుకున్నారు, నీళ్లకుండ వైపు ఒక అడుగు వేశారు కూడా. ఆగిపోయారు. తర్వాత రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు, బడిపిల్లలు దెబ్బ తగలకుండా దాచుకున్నట్టు.

"నువ్వే ఏసుకో రా. ఇంక ఇది పనికిరాదు."

"ఏంది అన్నా, విళయాట్టా, ఎగతాళి చేస్తా ఉండావా? నా పెండ్లయినప్పటి నుంచీ నువ్వే గదా ఏసేది."

"ఏస్తా ఉంటిని. మూడు పంటలు దోమ మీదికి తోసినా. ఈ తూరి దోమకి మందు ఇచ్చింది కోడలు, సల్లగా కాపాడి నా చేతిలో పెట్టింది. నేను కలిపిన కుప్ప పచ్చ గూడా ఎత్తలా. ఇంక ఎవురి మీదికి తొయ్యమంటావు? చెయ్యి పోయిందిరా. నీ గింజలు పాడు చేసుకోవాకు, పో."

పక్క రైతు నా ముఖం చూశాడు, ఏమైనా చెప్తానేమోనని. నేను వంగి సంచి మూతి కట్టాను. అతను చేట నెత్తిన పెట్టుకుని గట్టు వెంట పోయాడు. ఎవరూ వెయ్యని గింజలు అందులో గలగలమన్నాయి.

మామ గుంత తవ్వుతుంటే సంచి అంచు పట్టుకుని అడిగాను. "కైరాశి అనేది నిజంగా ఉంటుందా మామా?"

"నాకేం తెలుసమ్మా. నేనేమన్నా కనుక్కుంటినా. మా నాయన చెయ్యి గూడా అట్నే అంటా ఉండ్రి." పార ఆపి అరచెయ్యి చూసుకున్నారు. "ఉన్నన్ని దినాలు ఉండాదో లేదో ఎవురు చూస్తారు? పోయినప్పుడే తెలిసేది."

అప్పుడు చెప్పాను. పిల్ల ఊపిరి, ఆసుపత్రి వరస, రేకుల కొట్టు, రెండు వారాలు, వెచ్చటి పొట్లాలు, మళ్లీ ఫ్రిజ్. ఒకదాని తర్వాత ఒకటి, ఏదీ వదలకుండా. కుప్ప పచ్చబడలేదన్న రోజు నేను చెప్పింది అబద్ధమని కూడా చెప్పాను. "మీ చెయ్యి కాదు మామా. నేను మీకు ఇచ్చింది అప్పటికే చచ్చిపోయిన పొడి."

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. పార మీద గడ్డం ఆనించి సంచుల వైపు చూశారు.

"ఇప్పుడు పిల్లకి ఊపిరి బాగుండాదా?"

"బాగుంది."

"ఆ." పార పక్కన పెట్టారు. "నువ్వు చెప్పేది సరే. అయితే అది చచ్చిపోయిందని నాకు తెలిసుండల్ల గదమ్మా. నా చేత్తోనే గదా కలిపింది. ముందంతా ఇత్తనం పట్టుకుంటే మొలిచేదో మొలవందో చెప్తా ఉంటిని. దీన్ని పట్టుకుని సల్లగా ఉండాది, బాగుండాది అంటి." అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. "దీనికి తెలీలేదు."

నా తప్పు నా నెత్తిన వేసుకుంటే ఆయన చెయ్యి ఆయనకు తిరిగి వస్తుందనుకున్నాను. ఆయన దాన్నీ తీసుకుని తన చేతి మీదే వేసుకున్నారు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి ఇచ్చింది నేనే కదా, ఎవరి చేతికైనా ఎలా తెలుస్తుంది మామా, అన్నాను. ఆయన తలూపారు, మాట వినబడినవాళ్లు ఊపినట్టు, నమ్మినవాళ్లు ఊపినట్టు కాదు. ఇద్దరం గుంతలో మట్టి కప్పాం. బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, చేతులు రెండూ తువ్వాలు కింద పెట్టుకున్నారు.

ఇల్లు చేరాక ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందరూ పడుకున్నాక ఇది రాయడం మొదలుపెట్టాను. ఈ ఇంట్లో అందరమూ తెలుగే మాట్లాడతాం, కానీ తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర నేర్చుకున్న నాకు తప్ప ఎవరికీ చదవడం రాదు. మామకు అరవం వచ్చు, పిల్లలకు అరవం, ఇంగ్లీషు. రాసి ఇక్కడ పెడితే దాచినట్టే. రేకుల కొట్టులో తలుపేసినట్టే. ఆ సంగతి తట్టాక ఇంక కలం కదల్లేదు. పెద్దదాని గదిలోకి పోయి దాని ఊపిరి విన్నాను. ఈల లేదు. అయినా తెల్లవారేదాకా అక్కడే కూర్చున్నాను. చివరి ఈ కొన్ని మాటలు మర్నాడు రాసినవి.

పొద్దున మామ లేవలేదు. మొదటి బస్సు పోయింది. ముఖం గోడవైపు తిప్పుకుని పడుకునే ఉన్నారు. పిల్లలు చెంబులు పట్టుకుని మిద్దె ఎక్కితే వాళ్ల వెనకే నేనూ ఎక్కాను. బకెట్లలోని రెండు మొక్కలను పీకెయ్యాలని చెప్పాను. చిన్నది బకెట్‌ను కావలించుకుంది.

"తాత దగ్గర అడగతాను. తాత బాగు చేస్తాడు."

"తాత ఏం చేసినా ఇవి బాగు కావు. తాత తప్పేం లేదు," అన్నాను. "బతికే పొడి పొట్లాన్ని ఆ కొట్టులో ఎండకు పెట్టి చంపింది నేను. తాత అడిగితే అబద్ధం చెప్పిందీ నేనే. ఎవరైనా తాత చెయ్యి మంచిది కాదంటే, కాదు, మా అమ్మ చేసిందని చెప్పండి."

చిన్నది కొట్టు తలుపు వైపు చూసింది. పెద్దది నన్నే చూస్తోంది. దానికి అన్నీ త్వరగా అర్థమవుతాయి, అదే నా భయం.

"నాకు ఊపిరి ఆడలేదని ఆడ పెట్టినావా?"

అవునని చెప్పడానికి నోరు తెరిచాను. దాని చెయ్యి అప్పటికే వెనక్కి పోతోంది, పొలంలో మామ చేతులు పోయినట్టే. పట్టుకుని ముందుకు లాగాను.

"నాకు భయమేసి పెట్టాను. ఊపిరి నీది, భయం నాది. నువ్వేం చెయ్యలేదు. ఈ మట్టి పారబోసి కొత్త మట్టి నింపుదాం. వంటింటి డబ్బాలో బెండ గింజలున్నాయి, తీసుకుపోయి తాత మంచం పక్కన పెట్టండి. వెయ్యమని అడగొద్దు. పెట్టి వచ్చెయ్యండి."